కారు బీమాలో ఎన్‌సీబీ ప్రొటెక్ట్‌కు అదనంగా డబ్బు కట్టాలా? తిరుపతి, చిత్తూరు కార్ల యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

పాలసీ గడువు దగ్గర పడగానే వచ్చే కొటేషన్‌లో ‘ఎన్‌సీబీ ప్రొటెక్ట్’ అనే వరుస ఒకటి, దాని ఎదురుగా కొన్ని వందల రూపాయలు కనిపిస్తాయి. ఎన్‌సీబీ అంటే నో క్లెయిమ్ బోనస్, క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే రాయితీ; క్లెయిమ్ చేసినా ఆ రాయితీ పోకుండా చూసే అదనపు రక్షణే ప్రొటెక్ట్. అది ఉంచమనాలా, తీసేయమనాలా అన్న సందేహం ప్రతి రెన్యువల్‌కూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగేవారు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు కాబట్టి వాటిని అడిగిన తీరులోనే రాసి, దశలవారీగా ఇక్కడ చేర్చాము. ఏ ప్రశ్నకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది; మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. లెక్కల్లో వాడిన ప్రీమియం మొత్తాలు ఉదాహరణ కోసం తీసుకొన్నవి. వాటి స్థానంలో మీ పాలసీలోని అంకెలు పెట్టి చూసుకోవాలి.

## రాయితీ గురించి

నో క్లెయిమ్ బోనస్ అని పాలసీలో ఉంది. అది చేతికి వచ్చే డబ్బా?

కాదు. పాలసీ సంవత్సరంలో మీ కారు నష్టానికి క్లెయిమ్ చేయకపోతే మరుసటి ఏడాది ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది. క్లెయిమ్ లేని మొదటి ఏడాది తర్వాత 20 శాతం, వరుసగా రెండేళ్లయితే 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం వస్తుంది. 50 దగ్గర మెట్లు ఆగిపోతాయి. ఆ తర్వాత ఎన్నేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినా అంతకంటే పెరగదు.

నాకు 50 శాతం ఉంది, మరి కట్టే మొత్తం సగం కాలేదెందుకు?

కారు ప్రీమియంలో ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. ఒకటి మీ కారుకు జరిగే నష్టానికి సంబంధించినది. దీన్ని ఓన్ డ్యామేజి లేదా ఓడీ అంటారు. రెండోది మీ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ భాగం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. ఎన్‌సీబీ తగ్గింపు ఓడీ భాగానికే వర్తిస్తుంది. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది కాబట్టి దానిలో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

1200 సీసీ కారు ఉందనుకొందాం. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్లలో 1000 నుంచి 1500 సీసీ వరకు ఉన్న సొంత కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలు. ఓడీ ప్రీమియం 10,000 అయితే రెండూ కలిపి 13,416. 50 శాతం ఎన్‌సీబీతో ఓడీ 5,000కు దిగుతుంది, మొత్తం 8,416 అవుతుంది. అంటే తగ్గింది మొత్తం మీద 37 శాతమే. దీనిపై 18 శాతం జీఎస్టీ అదనం. ప్రొటెక్ట్ కొనాలా వద్దా అని ఆలోచించేవారు ‘50 శాతం’ అన్న మాటను పక్కన పెట్టి, తమ పాలసీలో ఎన్‌సీబీ ఎదురుగా తీసివేసిన రూపాయలు ఎన్నో చూడాలి. కాపాడుకోవలసినది ఆ మొత్తం.

నాలుగు వేల రూపాయల క్లెయిమ్ చేసినా మొత్తం రాయితీ పోతుందా?

పోతుంది. క్లెయిమ్ మొత్తం చిన్నదా పెద్దదా అన్న తేడా ఎన్‌సీబీకి లేదు. ఓడీ కింద ఒక్క క్లెయిమ్ చెల్లించినా మరుసటి రెన్యువల్‌లో రాయితీ సున్నా అవుతుంది. 50 నుంచి 45కో 35కో దిగడం కాదు. మళ్లీ 20 నుంచి మొదలుపెట్టి 50కి చేరాలంటే వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా గడవాలి.

ప్రొటెక్ట్ తీసుకొంటే ఏం జరుగుతుంది?

ఆ పాలసీ సంవత్సరంలో కంపెనీ అనుమతించిన సంఖ్య మేరకు క్లెయిమ్ చేసినా, అప్పటిదాకా ఉన్న రాయితీ శాతం రెన్యువల్‌లో కొనసాగుతుంది. కొన్ని కంపెనీలు ఒక క్లెయిమ్‌కు, కొన్ని రెండింటికి ఈ వెసులుబాటు ఇస్తాయి. ఆ సంఖ్య దాటితే రాయితీ పూర్తిగా పోతుంది. చాలామంది గమనించని విషయం మరొకటి ఉంది. సాధారణంగా శాతం ఉన్నచోట నిలుస్తుందే గానీ, క్లెయిమ్ చేసిన ఏడాదికి పై మెట్టు ఎక్కదు. 35 శాతం ఉన్నవారికి 35 శాతమే ఉంటుంది, 45 రాదు. ఈ రక్షణ ఆ ఒక్క సంవత్సరానికే పనిచేస్తుంది; మరుసటి ఏడాది కావాలంటే మళ్లీ డబ్బు కట్టి తీసుకోవాలి.

## కొనాలా, వద్దా

నా రాయితీ పోతే నిజంగా ఎంత నష్టమో ఎలా లెక్క వేసుకోవాలి?

రాయితీ పోతే ఒక్క ఏడాది నష్టంతో ఆగదు, అది ఐదేళ్లపాటు సాగుతుంది. చాలామంది మొదటి ఏడాది తేడాను మాత్రమే చూసి ‘దీనికోసం అదనపు డబ్బు ఎందుకు’ అనుకొంటారు, లేదా అసలు లెక్కే వేయకుండా ఏజెంటు మాట విని ఒప్పుకొంటారు. రెండూ సరికావు.

50 శాతం ఉన్నవారు ప్రొటెక్ట్ లేకుండా ఒక క్లెయిమ్ చేశారనుకొందాం. మరుసటి ఏడాది రాయితీ సున్నా కాబట్టి 50 శాతం నష్టం. రెండో ఏడాది 20 వస్తుంది, నష్టం 30. మూడో ఏడాది 25 వస్తుంది, నష్టం 25. నాలుగో ఏడాది 35, నష్టం 15. ఐదో ఏడాది 45, నష్టం 5. ఆరో ఏడాదికి మళ్లీ 50 చేరుతుంది. ఈ నష్టాలన్నీ కూడితే 125 శాతం. అంటే ఒక క్లెయిమ్ వల్ల పోయేది రాయితీకి ముందున్న ఒక ఏడాది ఓడీ ప్రీమియం కంటే ఎక్కువే.

ఓడీ ప్రీమియం 10,000 అయితే అది 12,500 అవుతుంది. అయితే కారు పాతబడే కొద్దీ దాని బీమా విలువ, అంటే ఐడీవీ తగ్గుతుంది, దానితో ఓడీ ప్రీమియం కూడా తగ్గుతుంది. ఏటా 10 శాతం చొప్పున తగ్గుతుందనుకొని లెక్క వేస్తే ఐదేళ్ల నష్టం 11,147 రూపాయలు, జీఎస్టీతో కలిపి సుమారు 13,150. ఇప్పుడు ప్రొటెక్ట్ ధర జీఎస్టీతో సహా 944 రూపాయలు అనుకొంటే, 13,150ని 944తో భాగిస్తే దాదాపు 14 వస్తుంది. పద్నాలుగేళ్లలో ఒక్కసారైనా పెద్ద క్లెయిమ్ చేయవలసి వస్తుందని మీ డ్రైవింగ్‌ను బట్టి, మీరు తిరిగే దారులను బట్టి అనిపిస్తే ఆ ధర న్యాయమైనదే. అదే ప్రొటెక్ట్‌కు 2,500 అడిగితే, ఐదేళ్లకొకసారి క్లెయిమ్ పడితే గానీ గిట్టుబాటు కాదు. మా దృష్టిలో పది, పన్నెండేళ్లకు పైబడిన అంకె వస్తే తీసుకోవడం, ఐదారు వస్తే వదిలేయడం మంచిది. మధ్యలో ఉంటే మీ మనశ్శాంతికి మీరు కట్టుకొనే విలువ మీద ఆధారపడుతుంది.

ఈ మొత్తానికి ఒక హద్దు ఉందని కూడా మరచిపోకూడదు. ఓడీ 10,000 ఉన్న ఈ ఉదాహరణలో రాయితీ పోవడం వల్ల జరిగే నష్టం 13 వేల చుట్టూనే ఉంటుంది. లక్షల్లో నష్టం తెచ్చే ప్రమాదాలకు ఈ రక్షణ సమాధానం కాదు.

నాకు ఇప్పుడే 20 శాతం వచ్చింది. ఇప్పటినుంచే తీసుకోవాలా?

తొందరపడనవసరం లేదు. 20 శాతం దగ్గర ప్రొటెక్ట్‌తో రాయితీ నిలుపుకొన్నవారికీ, అది లేకుండా సున్నాకు పడిపోయినవారికీ మధ్య తేడాను ఐదేళ్లపాటు కూడితే 50 శాతమే వస్తుంది. 25 శాతం ఉన్నవారికి అదే తేడా 80, 35 ఉన్నవారికి 105, 45 ఉన్నవారికి 120, 50 ఉన్నవారికి 125. కింది మెట్ల మీద ఉన్నప్పుడు పడినా త్వరగా కోలుకోవచ్చు. పైకి వెళ్లే కొద్దీ పోగొట్టుకొనేది పెరుగుతుంది. ఓడీ 10,000 ఉండి, అది ఏటా 10 శాతం తగ్గుతుందనుకొంటే 20 శాతం దగ్గర ప్రొటెక్ట్ కాపాడేది జీఎస్టీతో కలిపి సుమారు 5,100 రూపాయలు. దానికి ఏటా వెయ్యి దాకా కట్టడం దండగ అని మా అభిప్రాయం. మూడో ఏడాది రాయితీ, అంటే 35 శాతం, చేతికి వచ్చినప్పటి నుంచి దీని గురించి గట్టిగా ఆలోచించవచ్చు.

కొత్త కారుకు షోరూంలోనే ప్రొటెక్ట్ కలిపి ఇచ్చారు. ఉంచుకోవాలా?

మీకు ఇది మొదటి కారు అయితే మొదటి ఏడాది పాలసీలో ఎన్‌సీబీ సున్నా. లేని రాయితీని కాపాడడానికి డబ్బు కట్టడంలో అర్థం లేదు, తీసేయమనండి. పాత కారు నుంచి రాయితీ తెచ్చుకొన్నవారి విషయం వేరు. వారి పాలసీలో 35, 45, 50 శాతం ఏదైనా కనబడుతుంటే, కొత్త కారు ఓడీ ప్రీమియం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఈ రక్షణ విలువ కూడా ఎక్కువే.

వారానికోసారి కొండకు కారులోనే వెళ్తాం. ఘాట్ రోడ్డు వాళ్లకు ఇది తప్పనిసరి అంటున్నారు, నిజమేనా?

తప్పనిసరి అనలేము. తిరుమలకు 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి వాడుతున్నారు. వాహనాలు ఒకే దిశలో వెళ్తాయి కాబట్టి ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదం తక్కువ. అక్కడ ఎక్కువగా జరిగేవి మలుపులో ముందు కారు బ్రేకు వేస్తే వెనుక కారు తగలడం, పిట్టగోడకు పక్క డోరు రాసుకోవడం, బ్రహ్మోత్సవాల రద్దీలో పార్కింగ్ దగ్గర గీతలు పడడం. ఇవి చాలావరకు కొద్ది వేలల్లో సరిపోయే పనులు, మంచి రాయితీ ఉన్నవారు క్లెయిమ్‌కే వెళ్లకూడని రకం.

భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లెకో, మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు, బెంగళూరుకో తరచుగా వెళ్లేవారి పరిస్థితి దీనికి భిన్నం. లారీల రద్దీ, రాత్రి ప్రయాణం, హైవే వేగం కలిసినప్పుడు జరిగే ప్రమాదం యాభై వేలకు, లక్షకు తక్కువ కాదు. అలాంటి క్లెయిమ్ ఎలాగూ చేయక తప్పదు కాబట్టి, చేసినా రాయితీ నిలవాలంటే ప్రొటెక్ట్ ఉపయోగపడుతుంది. చిత్తూరు నుంచి వేలూరుకో, తిరుపతి నుంచి చెన్నైకో ప్రతి వారం వెళ్లి వచ్చేవారిని కూడా ఈ వర్గంలోనే చూడవచ్చు.

మేము రిటైరైనవాళ్లం. కారు నెలలో నాలుగైదు రోజులే బయటికి తీస్తాం.

మీరు క్లెయిమ్ చేసే అవకాశమే తక్కువ కాబట్టి ప్రొటెక్ట్ డబ్బు మిగుల్చుకోండి. దానికి బదులు, నడిపిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం వేసే పాలసీలు 2022 నుంచి అందుబాటులోకి వచ్చాయి. మీలాంటివారు వాటి కొటేషన్ ఒకటి అడిగి చూడడం మేలు.

చేతిలో రెండు వేలే ఉన్నాయి. బంపర్ టు బంపర్ తీసుకోవాలా, ప్రొటెక్ట్ తీసుకోవాలా?

కారుకు ఐదేళ్లు నిండనంతవరకు బంపర్ టు బంపర్‌కే, అంటే మార్చిన భాగాల ధరలో తరుగు కోయకుండా చెల్లించే అదనపు రక్షణకే, మొదటి స్థానం ఇవ్వాలి. అది లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్ గ్లాసు భాగాలకు 30 శాతం తరుగు కోస్తారు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి కోత పెరుగుతూ, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 35 శాతానికి చేరుతుంది. పెద్ద ప్రమాదంలో ఈ కోతలే ఇరవై, ముప్పై వేలు దాటగలవు. రాయితీ పోవడం వల్ల వచ్చే నష్టం కంటే ఇది ఎక్కువ.

తిరుపతిలో ఉన్నవారు ఇంజిన్ ప్రొటెక్ట్‌ను కూడా ఆలోచించాలి. 2021 నవంబరులో నగరంలో వీధులకు వీధులు నీట మునిగిన సంగతి ఇక్కడివారికి గుర్తుంటుంది. పెద్ద వాన పడితే వెస్ట్ చర్చి దగ్గరి అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయి. నీళ్లలో కారు ఆగిపోయినప్పుడు మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు పోయి లోపలి భాగాలు విరుగుతాయి. ఈ నష్టాన్ని మామూలు పాలసీలో చెల్లించరు, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉంటేనే వస్తుంది. ఇంజిన్ పని లక్ష దాటడం సాధారణం. కాబట్టి పల్లపు ప్రాంతంలో ఇల్లు ఉన్నవారు, కారు ఆరుబయట పెట్టేవారు ముందు ఈ రెండూ చూసుకొని, ఆ పైన డబ్బు మిగిలితేనే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ వైపు వెళ్లాలి.

ప్రొటెక్ట్ ఉంటే క్లెయిమ్ చేసినా ప్రీమియం పెరగదు కదా?

పెరగవచ్చు. అందరినీ ఎక్కువగా నిరాశపరిచేది ఇదే. కాపాడేది రాయితీ శాతాన్ని, ప్రీమియాన్ని కాదు. 2007 జనవరి నుంచి ఓడీ ప్రీమియం ధరలను కంపెనీలే నిర్ణయించుకొంటున్నాయి. క్లెయిమ్ చేసిన వాహనానికి మరుసటి ఏడాది అసలు ఓడీ ధరనే పెంచే స్వేచ్ఛ వాటికి ఉంది. ఈ ఏడాది ఓడీ 9,000 మీద 50 శాతం తగ్గి 4,500 కట్టారనుకోండి. క్లెయిమ్ తర్వాత ఓడీ 11,000 చేసి, దానిమీద అదే 50 శాతం తగ్గిస్తే మీరు కట్టేది 5,500. రాయితీ శాతం చెక్కుచెదరలేదు, ఖర్చు మాత్రం వెయ్యి పెరిగింది. రెన్యువల్ నోటీసులో శాతాన్ని మాత్రమే చూడకుండా, రాయితీకి ముందున్న ఓడీ మొత్తాన్ని పాత పాలసీతో పోల్చి చూడండి.

మా కారు ఓన్ బోర్డే, అప్పుడప్పుడు యాత్రికులను కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పుతాం. మాకు ప్రొటెక్ట్ పనికొస్తుందా?

సొంత వాడకానికి తీసుకొన్న పాలసీ మీద కారును కిరాయికి తిప్పుతూ ప్రమాదం జరిగితే, వాడకపు షరతు ఉల్లంఘన కింద ఓడీ క్లెయిమ్‌ను తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంటుంది. క్లెయిమే నిలవని చోట రాయితీ రక్షణ మీకు ఏమీ చేయలేదు. బాడుగకు తిప్పాలనుకొంటే ట్యాక్సీ రిజిస్ట్రేషన్, పర్మిట్, దానికి తగిన పాలసీ తీసుకోవడమే దారి. కారులో కూర్చున్నవారి క్షేమం కూడా దీనితో ముడిపడి ఉంది కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాము.

తీసుకొనే ముందు పాలసీ కాగితాల్లో ఏమేం చూడాలి?

ప్రొటెక్ట్ షరతులు కంపెనీకొక తీరుగా ఉంటాయి. పేరు ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాదు. ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌ల వరకు రాయితీ నిలుస్తుంది, కనీసం ఎంత శాతం ఉన్నవారికి ఇస్తారు, కారు దొంగతనం పోయినా పూర్తిగా ధ్వంసమైనా వర్తిస్తుందా, అద్దం ఒక్కటే మార్చితే దాన్ని ఒక క్లెయిమ్‌గా లెక్కిస్తారా, రెన్యువల్ అదే కంపెనీలో చేస్తేనే రాయితీ నిలుస్తుందా అన్నవి రాతపూర్వకంగా చూడవలసినవి. ఏజెంటు నోటిమాటగా చెబితే, ఆ వాక్యం ఉన్న పేజీని వాట్సాప్‌లో పంపమని మర్యాదగా అడగండి. తెలిసిన ఏజెంటు దానికి నొచ్చుకోరు.

పాలసీ మధ్యలో ప్రొటెక్ట్ కలుపుకోవచ్చా?

సాధారణంగా కుదరదు. పాలసీ తీసుకొనేటప్పుడో, రెన్యువల్ చేసేటప్పుడో మాత్రమే చేర్చుకోవాలి.

## దెబ్బ తగిలాక

బంపర్ పగిలింది, షెడ్డులో 9,000 అవుతుందన్నారు. క్లెయిమ్ చేయాలా, చేతి డబ్బు పెట్టాలా?

ముందు కంపెనీ నుంచి నిజంగా వచ్చేది ఎంతో తేల్చుకోవాలి. 9,000లో బంపర్ ధర 6,000, లేబరు, పెయింటు 3,000 అనుకొందాం. బంపర్ టు బంపర్ లేకపోతే ప్లాస్టిక్ తరుగు కింద 3,000 పోతుంది. 1500 సీసీ వరకు ఉన్న కార్లకు ప్రతి క్లెయిమ్‌లోనూ 1,000 రూపాయలు తప్పనిసరిగా యజమానే భరించాలి. అంతకు మించిన కార్లకు అది 2,000. పెయింటు మెటీరియల్ మీద కూడా కొంత కోస్తారు. మిగిలేది 5,000 లోపే. 50 శాతం రాయితీ, 10,000 ఓడీ ఉన్నవారు ఆ 5,000 కోసం వచ్చే ఐదేళ్లలో సుమారు 13,000 పోగొట్టుకొంటారు. ప్రొటెక్ట్ లేకపోతే ఇది చేతి డబ్బుతో చేయించుకోవలసిన పని.

ప్రొటెక్ట్ ఉన్నా వెంటనే క్లెయిమ్‌కు పరుగెత్తవద్దు. ఏడాదికి ఒకే క్లెయిమ్ అనుమతించే పాలసీ అయితే దాన్ని బంపర్‌కు ఖర్చు చేసి, మూడు నెలల తర్వాత పెద్ద ప్రమాదం జరిగితే ఉన్న రాయితీ అంతా పోతుంది. పాలసీ గడువు ఇంకా ఎన్ని నెలలుందో చూసుకొని నిర్ణయించండి. రెన్యువల్‌కు పది, పదిహేను రోజులే ఉంటే వాడుకోవడంలో తప్పులేదు.

తప్పు అవతలివాడిదే. అయినా నా రాయితీ పోతుందా?

మీ పాలసీలో ఓడీ కింద క్లెయిమ్ చేస్తే, తప్పు ఎవరిదైనా రాయితీ పోతుంది. ఎన్‌సీబీ అనేది క్లెయిమ్ లేనందుకు ఇచ్చే తగ్గింపు; మీరు ఎంత జాగ్రత్తగా నడిపారన్నది దానికి సంబంధం లేని విషయం. అవతలివారి థర్డ్ పార్టీ బీమా నుంచి పరిహారం కోరుతూ మోటారు ప్రమాద క్లెయిమ్‌ల ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు మీకుంది, అయితే పోలీసు కేసు, విచారణ కలిసి దానికి కాలం పడుతుంది. అవతలివారు మరమ్మతు ఖర్చు ఇస్తామని అక్కడికక్కడే ఒప్పుకొంటే, చిన్న దెబ్బల విషయంలో అదే తేలిక.

మా కారు తగిలి బైకు మీదివారికి దెబ్బలు తగిలాయి. కేసు పెట్టారు. దానితో రాయితీ పోతుందా?

థర్డ్ పార్టీ క్లెయిమ్ ఒక్కటే అయితే పోదు. అదే ప్రమాదంలో మీ కారు మరమ్మతుకు కూడా క్లెయిమ్ చేస్తే పోతుంది. రాయితీ పోతుందేమోనన్న భయంతో ప్రమాదాన్ని కంపెనీకి తెలియజేయకుండా ఉండవద్దు. గాయపడినవారికి పరిహారం అందడం మీరిచ్చే సమాచారం మీద కూడా ఆధారపడి ఉంటుంది.

క్లెయిమ్ నమోదు చేసి, తర్వాత వద్దనుకొన్నాము. రాయితీ ఉంటుందా?

కంపెనీ ఏమీ చెల్లించకుండా క్లెయిమ్‌ను మూసివేస్తే సాధారణంగా రాయితీ నిలుస్తుంది. అయితే రెన్యువల్ నాటికి అది పెండింగులో కనిపిస్తే ఇవ్వరు. ఉపసంహరించుకొంటున్నట్టు మెయిల్ పంపి, చెల్లింపు లేకుండా మూసివేశామన్న జవాబు తెప్పించుకొని దాచుకోండి.

## రెన్యువల్, కంపెనీ మార్పు

పాలసీ గడువు దాటి నెలయింది. రాయితీ పోయిందా?

గడువు ముగిసిన 90 రోజుల్లోపు రెన్యువల్ చేస్తే రాయితీ నిలుస్తుంది. 91వ రోజున 50 శాతమైనా సున్నాయే, ప్రొటెక్ట్ కూడా దాన్ని కాపాడలేదు. అయితే 90 రోజుల సమయం రాయితీకి మాత్రమే. ఆ మధ్యలో కారుకు బీమా లేదు. ఆ రోజుల్లో ప్రమాదం జరిగితే మొత్తం భారం మీదే, థర్డ్ పార్టీ కూడా లేకపోతే రోడ్డు మీదికి తేవడమే నేరం.

ప్రొటెక్ట్ వాడుకొని క్లెయిమ్ చేశాం. ఇప్పుడు వేరే కంపెనీకి మారితే 50 శాతం వస్తుందా?

వస్తుందని లెక్క పెట్టుకోవద్దు. ప్రొటెక్ట్ అనేది మీకూ ఆ కంపెనీకీ మధ్య ఒప్పందం. అదే కంపెనీలో రెన్యువల్ చేస్తేనే రాయితీ నిలుస్తుందన్న షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. కొత్త కంపెనీ గత ఏడాది క్లెయిమ్ ఉందా అని అడుగుతుంది, పాత కంపెనీతో సరిచూసుకొంటుంది. మారాలనుకొంటే డబ్బు కట్టకముందే క్లెయిమ్ విషయం, ప్రొటెక్ట్ విషయం రెండూ చెప్పి, ఎంత శాతం ఇస్తారో రాతలో తీసుకోండి. ఏటా తక్కువ ధర వెతుక్కొంటూ కంపెనీలు మార్చే అలవాటు ఉన్నవారికి ఈ రక్షణ విలువ సగం తగ్గినట్టే.

‘క్లెయిమ్ లేదని రాసేద్దాం, ఎవరు చూస్తారు’ అంటున్నారు. పర్వాలేదా?

ఎంతమాత్రం ఒప్పుకోవద్దు. తప్పుడు ప్రకటనతో రాయితీ పొందినట్టు తేలితే ఓడీ కింద మీకు రావలసినదంతా నిలిపివేయవచ్చు. కొన్ని వేలు మిగిల్చుకోబోయి, ప్రమాదం జరిగిన రోజున లక్షల క్లెయిమ్ పోగొట్టుకొన్నవారవుతారు. ప్రపోజల్ ఫారం ఎవరు నింపినా బాధ్యత మీదే.

## కారు అమ్మేటప్పుడు, మార్చేటప్పుడు

పాత కారు అమ్మి కొత్తది కొంటున్నాం. రాయితీ కారుతోపాటు పోతుందా?

పోదు. ఎన్‌సీబీ యజమానిది, కారుది కాదు. ఏపీ 03 నంబరుతో పదేళ్లు నడిపిన కారును అమ్మినా దాని మీద సంపాదించిన 50 శాతాన్ని కొత్త కారుకు తెచ్చుకోవచ్చు. పాత కంపెనీకి అమ్మకం రుజువులు, పాలసీ కాపీ జతచేసి ఉత్తరం రాస్తే ఎన్‌సీబీ సర్టిఫికెట్ ఇస్తారు. అది మూడేళ్లపాటు చెల్లుతుంది. షోరూంలో బీమా కొటేషన్ ఇచ్చేటప్పుడు ఈ ప్రసక్తి రాకపోవచ్చు. మీరే సర్టిఫికెట్ ముందుపెట్టి అడగాలి. కొత్త కారు ఓడీ ప్రీమియం ఇరవై వేలు ఉంటే ఆ ఒక్క కాగితం విలువ పదివేలు. బైకు మీద వచ్చిన రాయితీ మాత్రం కారుకు చెల్లదు. పాత కారును అమ్మకుండా రెండోది కొంటే ఒకే రాయితీని రెండింటికీ వాడుకోలేరు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. పాత ఓనరు 50 శాతం మాకు వస్తుందా?

రాదు. పాలసీని మీ పేరుకు మార్చేటప్పుడు మిగిలిన కాలానికి ఆ రాయితీ తేడాను కంపెనీ మీ దగ్గర వసూలు చేస్తుంది. పేరు మార్పు కోసం కొన్న 14 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. ఆ పని చేయకుండా పాత ఓనరు పేరు మీదే నడిపితే మీ కారు నష్టానికి క్లెయిమ్ రాదు.

కారు నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన రాయితీ నాకు వస్తుందా?

ఆయన జీవించి ఉండగా కారును మీ పేరుకు మారిస్తే రాయితీ రాదు. యజమాని మరణించినప్పుడు భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు వారసులుగా అదే కారును ఉంచుకొంటే వారికి కొనసాగుతుంది. ఆయనకు 50 శాతం ఉండి, నడపడం మానేసినంత మాత్రాన పేరు మార్చడానికి తొందరపడనవసరం లేదు. ఆయన పేరు మీదే ఉంచి మీరు నడపవచ్చు.

అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం, రెండేళ్లదాకా రాము. కారు ఏం చేయాలి?

అమ్మేసి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకొని వెళ్లండి. మూడేళ్లలోపు తిరిగివచ్చి మరో కారు కొంటే అదే శాతం దొరుకుతుంది. అమ్మకుండా షెడ్డులో ఉంచి, పాలసీని వదిలేసి వెళ్తే 90 రోజులకే రాయితీ పోతుంది.

ప్రొటెక్ట్ ఉన్నా రాయితీ తీసేశారు. ఎవరికి చెప్పాలి?

మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పాలసీ నంబరు, ప్రొటెక్ట్ షరతు ఉన్న పేజీ, రెన్యువల్ నోటీసు జతచేసి రాతపూర్వకంగా పంపాలి. జవాబు సరిగా లేకపోతే బీమా నియంత్రణ సంస్థ నడిపే ‘బీమా భరోసా’ పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు ఫోన్ చేసి గానీ నమోదు చేయించవచ్చు. కంపెనీ నెల రోజుల్లో స్పందించకపోయినా, ఇచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. ఈలోగా 90 రోజుల గడువు దాటిపోకుండా, అభ్యంతరం తెలుపుతూనే రెన్యువల్ చేసుకోండి.